వంశవృక్షమున తల్లుల స్థానము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమువారు గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు ఎడతెగక నడుపుట సామాన్యమైన విషయము కాదు. భవనము కట్టుట ఒకనాటి పని. ప్రతి సాయంకాలము తలుపు తీసి, పత్రికలు సర్ది, చదువరులకై దీపము పెట్టుట ఇరువదియైదేండ్ల పని. ఆ పని చేసిన మీ అందరికి ముందుగా నా అభినందనములు.

ఈ నడుమ చాల యిండ్లలో యువకులు తమ వంశవృక్షములను వ్రాసికొనుచున్నారు. ఇది మంచి పని. అట్టి వృక్షములను నాకు చూపినవారు పలువురు కలరు. వానిలో పురుషుల పేర్లు ఏడెనిమిది తరముల దాక వరుసగా నుండును. స్త్రీల విషయము వచ్చునప్పటికి రెండు విధములైన లోపములు కనబడుచున్నవి. కొన్నింటిలో వారి పేర్లే యుండవు. కొన్నింటిలో పేర్లుండును గాని, ఒకరి స్థానమున మరియొకరు నిలిచియుందురు. మొదటిది లోపమని చూడగానే తెలియును. రెండవది తెలియదు. అందుచేత రెండవదే ప్రమాదకరమైనది. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇట్టి పొరపాటు సామాన్యుల యిండ్లకే పరిమితమైనది కాదు. తెలుగు దేశమును ఏలిన మహారాణికే అది తప్పలేదు. కాకతి రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె యని నేడు బడిపిల్లలకు సైతము తెలియును. కాని పదుమూడవ శతాబ్దము చివర మన తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో ఆమెను మరణించిన రాజు భార్యగా పేర్కొనెను. భర్త గతించిన పిదప నలుబది యేండ్లుగా ఆమె రాజ్యమేలుచున్నదని వ్రాసెను. పరదేశి యగుటచే పొరపడినాడని మనమనుకొనవచ్చును. కాని తరువాతి కాలమున మనవారు వ్రాసిన చరిత్రలలో సైతము కొన్ని ఆమెను గణపతిదేవుని రాణిగానే చెప్పినవి.

ఈ పొరపాటునకు కారణము లేకపోలేదు. సింహాసనముపై స్త్రీ కూర్చున్నచో ఆమె గతించిన రాజు భార్యయై యుండునని లోకము తలచుట సహజము. అదియును గాక రుద్రమదేవి పురుషనామముతో రుద్రదేవ మహారాజుగా శాసనములలో వ్యవహరింపబడెను. ఎవరికి కుమార్తె, ఎవరికి భార్య అను రెండు ప్రశ్నలును ఆ పేరు వెనుక మరుగుపడెను.

మరి నిజమెట్లు తెలిసినది? రాతి వలన తెలిసినది. కృష్ణాతీరమున నేటి అమరావతి ప్రాంతములో మల్కాపురమను గ్రామము కలదు. అక్కడి 1261వ సంవత్సరపు శాసనమున గణపతిదేవుడు మందడము గ్రామమును, ఆయన కుమార్తె రుద్రమదేవి వెలగపూడి గ్రామమును విశ్వేశ్వర శివాచార్యునకు దానము చేసినట్లున్నది. ఆ దానముల ఆదాయములో కొంత ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కేటాయింపబడినది. ఆమె నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రుని భార్య. ఆమె కుమార్తె ముమ్మడమ్మ కుమారుడే ప్రతాపరుద్రుడు. ఇక నలుబది యేండ్ల మాటకు వత్తము. నల్లగొండ ప్రాంతమందలి చందుపట్ల శాసనము వలన ఆమె 1289లో శివసాయుజ్యము పొందినట్లు తెలిసినది. ఆమె స్వతంత్రముగా ఏలుట 1262 ప్రాంతమున మొదలైనది గనుక ఆ పాలన ఇరువదియేడేండ్లే. ఒక్క మాట తారుమారై కూతురు భార్య అయినది. దానితో వయస్సు, కాలము, వారసత్వము అన్నియు తారుమారైనవి.

శాసనములు వేయించిన రాణికే యిట్లు జరిగినచో, కాగితముపై వ్రేలిముద్ర తప్ప వేరు గురుతు మిగల్చని మన ముత్తవ్వల మాట చెప్పవలసినది లేదు.

మన యిండ్లలో ఈ చిక్కులు ఎట్లు పుట్టుచున్నవో చూతము. మొదటి కారణము పేర్లు మరల మరల వచ్చుట. నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టుట మన ఆచారము. తరము విడిచి తరమున అదే పేరు తిరిగి వచ్చును. పైగా కోడలు అత్తగారి పేరు పలుకరాదు గనుక, ఆ పేరు పెట్టిన పిల్లను అమ్మడు అనియో, చిట్టి అనియో, బుచ్చి అనియో పిలుతురు. చిట్టి పెద్దదై, ముసలిదై, చిట్టమ్మగానే కాలము చేయును. దస్తావేజులో ఒక పేరు, ఊరివారి నోట మరియొక పేరు. కొందరు వీరిని ఇద్దరు స్త్రీలుగా వ్రాయుదురు. మరికొందరు నాయనమ్మను, మనుమరాలిని కలిపి ఒక్కరిని చేయుదురు.

రెండవ కారణము వరుసల మాటలు. తెలంగాణములో పెక్కు యిండ్లలో అవ్వ అనగా తల్లి. రాయలసీమలోను, మరికొన్ని చోట్లను అవ్వ అనగా తల్లికి తల్లియో, తండ్రికి తల్లియో. ‘మా అవ్వ ఆ ఊరి ఆడపడుచు’ అని ఒక వృద్ధుడు చెప్పిన మాటను ప్రాంతమెరుగని వాడు వ్రాసికొన్నచో ఒక తరము ఎక్కువయో తక్కువయో యగును. పెద్దమ్మ యను మాట తల్లి అక్కకును చెల్లును, పెదతండ్రి భార్యకును చెల్లును. మేనరికములు జరిగిన యిండ్లలో ఒకే ముసలమ్మ ఒకనికి అమ్మమ్మయు, అతని భార్యకు నాయనమ్మయు కావచ్చును.

మూడవది, కాగితములు వ్రాయు పద్ధతి. పురుషుని తండ్రి పేరుతో వ్రాయుదురు. స్త్రీని పెండ్లికి పూర్వము తండ్రి పేరుతో, పెండ్లి తరువాత భర్త పేరుతో, భర్త పోయిన తరువాత కొన్ని యెడల కుమారుని పేరుతో వ్రాయుదురు. ఇంటిపేరును మారును. నైజాము పాలనలో నుండిన జిల్లాల రెవిన్యూ కాగితములలో తండ్రి పేరునకు ముందు వల్ద్ అనియు, భర్త పేరునకు ముందు జౌజే అనియు నుండును. ఆ మాటల అర్థము తెలియక జౌజే యనునది ఇంటిపేరని భ్రమించినవారిని నేనెరుగుదును. ఒకే స్త్రీ తన జీవితములో ముగ్గురు పురుషుల పేర్ల నీడలో మూడు రూపములు దాల్చును.

నాలుగవది, రెండవ పెండ్లిండ్లు. ఆనాడు ప్రసవములలో చిన్నవయస్సుననే తల్లులు మరణించుట ఎక్కువ. చంటిబిడ్డను పెంచుటకై తండ్రికి మరల పెండ్లి చేసెడివారు. పెంచిన తల్లియే కన్నతల్లిగా లోకమున నిలిచిపోయెడిది.

ఈ నాలుగవ దానిని గూర్చి నేను పుస్తకములు చూచి చెప్పుట లేదు. మా యింట జరిగినదే చెప్పుచున్నాను.

సుమారు పదునైదేండ్ల క్రిందట నేను మా వంశవృక్షమును వ్రాయ మొదలిడితిని. మా తాతగారి తల్లిని మేము తాతమ్మ అందుము. ఆమె పేరు ఇక్కడ చెప్పను. మా ప్రాంతమున ప్రతి వీధిలోను ఇద్దరు ముగ్గురికి ఉండు పేరే. ఆమెను కన్నులార చూచినవారిలో మా మేనత్త ఒక్కతెయే అప్పటికి మిగిలియుండెను. తాతమ్మ ఎప్పుడు కాలము చేసినదని అడుగగా మా మేనత్త, ‘స్వాతంత్ర్యం రావడానికి ముందటేడురా. అప్పటికి ఆవిడకి అరవై అయిదు దాటలేదు. నాకు బాగా జ్ఞాపకం’ అనెను. అనగా 1946లో మరణము; పుట్టుక 1881 ప్రాంతము.

మా తాతగారి జాతకచక్రము పెట్టెలో భద్రముగా నున్నది. నందన నామ సంవత్సరమున జననము. అది 1892. ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన వ్రాసి చూచితిని. తల్లికి పదునొకండేండ్లు వచ్చుసరికి కొడుకు పుట్టినట్లు తేలినది. మేనత్త వయస్సు చెప్పుటలో పొరపడినదేమో యని తలచి, ఐదేండ్లు సవరించి ఊరకుంటిని. ఇది నేను చేసిన తప్పు. లెక్క కుదరనప్పుడు లెక్కను మార్చరాదు; మనుష్యులు సరిగా గుర్తింపబడిరో లేదో చూడవలెను.

కొంతకాలమునకు మా మేనత్త తన తల్లిగారి నగల పెట్టె తీసి, తాతమ్మ మెడలోనిదని ఒక చిన్న బంగారు బిళ్ళను నాకు చూపెను. అది మంగళసూత్రము కాదు; కాసు కాదు. ఏమిటో ఆమెకు తెలియదు. మా ఊరి కంసాలి వృద్ధుడు దానిని చేతిలోనికి తీసికొని తిరుగవేసి చూచి, ‘ఇది రెండో పెళ్ళివారు వేసుకొనేది బాబూ, ముందావిడ జ్ఞాపకానికి’ అనెను. మా ప్రాంతమున కొన్ని కుటుంబములలో రెండవ భార్యగా వచ్చిన స్త్రీ గతించిన మొదటి భార్య గురుతుగా ఇట్టి బిళ్ళను మెడలో ధరించు ఆచారముండెడిది. మా తాతమ్మ రెండవ భార్య యన్న మాట. మరి మొదటి భార్య ఎవరు?

మా యింట ఎవరును ఎరుగరు. నేను రిజిస్ట్రారు కార్యాలయమునకు పోయి మా పొలముల పాత దస్తావేజుల నకళ్ళకై దరఖాస్తు పెట్టితిని. రెండు దొరకినవి. మొదటిది 1891 నాటిది. కాలువకు ఆవలి గ్రామమందలి ఒక తండ్రి తన కుమార్తెకు పసుపుకుంకుమ క్రింద ఎకరమున్నర మాగాణి వ్రాసియిచ్చిన కాగితమది. అల్లుడు మా ముత్తాతగారే. కుమార్తె పేరు మా తాతమ్మ పేరే. కాని మా తాతమ్మ పుట్టినిల్లు ఆ ఊరు కాదు. ఆమె మా ఊరికి తూర్పున నున్న పల్లెనుండి వచ్చినదని మేనత్తకు తెలియును. అక్కడి వారితో మాకు నేటికిని రాకపోకలున్నవి.

రెండవ దస్తావేజు 1896 నాటిది. అది ఆ ఎకరమున్నరకే సంబంధించిన కౌలు కాగితము. మా ముత్తాతగారు మైనరు కుమారుని సంరక్షకుడుగా దానిని వ్రాసియిచ్చిరి. ఈ మైనరు తల్లికి ఆమె తండ్రి పసుపుకుంకుమగా నిచ్చిన భూమి యనియు, ఆమె కాలము చేసినందున కుమారునికి సంక్రమించినదనియు అందులో స్పష్టముగా నున్నది. మైనరు మా తాతగారే.

అప్పటికి గాని నాకు విషయము బోధపడలేదు. ఒకే పేరుగల ఇద్దరు స్త్రీలు ఒకరి తరువాత నొకరు ఆ యింటి కోడండ్రైరి. మొదటి యామె కన్నది. రెండవ యామె పెంచినది. పేరు ఒకటే యగుటచే మేము ఇద్దరిని ఒక్కరిని చేసితిమి. నేను మా తల్లిగారి తద్దినమున ప్రపితామహి స్థానమున ఆ పేరు చెప్పి నలుబది యేండ్లుగా పిండము పెట్టుచున్నాను. పేరు తప్పు కాదు. కాని పేరు పలుకునప్పుడు నా మనస్సులో నిలిచిన మూర్తి కన్నతల్లిది కాదు.

ఈ సంగతి విని మా పినతండ్రిగారు, ‘పేరొకటే కదా, చేరవలసిన వారికే చేరి ఉంటుంది. ఇప్పుడు దీన్ని తవ్వడమెందుకు?’ అనిరి. ఆయన మాటలో సత్యము లేకపోలేదు. పరలోక విషయమున నాకును సందేహము లేదు. నాకు సందేహము కలిగినది ఈ లోకపు విషయముననే. కాలువకు ఆవలి యూరితో మా వారికి సంబంధములు లేవు. పిల్లనిచ్చుట లేదు, తెచ్చుకొనుట లేదు. శుభలేఖలు సైతము పోవు. ఎందుకని అడిగినచో ‘మొదటినుంచీ అంతే’ అని మా వారందురు. ఆ మొదలు ఏదో చూడవలెనని నేను ఆ యూరికి పోయితిని.

దస్తావేజులోని తండ్రి వంశమువారు ఇంకను అక్కడనే యున్నారు. వారి యింటి పెద్దకు, ఎనుబది దాటిన ఒక తల్లికి, నేను నా వివరము చెప్పుకొంటిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత, ‘మా ఆడపడుచునిచ్చిన ఇల్లేనా నాయనా మీది? మా మామగారు మీ గడప తొక్కవద్దనేవారు. పురిట్లో తల్లీ బిడ్డా పోయారట. ఇచ్చిన పొలం వెనక్కి రాలేదు. రెండో ఆవిడ కొడుకు తిన్నాడు అనేవారు’ అనెను.

మహాశయులారా, చిక్కు ఎక్కడ పడినదో చూచితిరా? పురిటిలో తల్లియు బిడ్డయు మరణించిన మాట నిజమే. కాని అది రెండవ కాన్పు. మొదటి కాన్పున పుట్టిన పిల్లవాడు బ్రతికి, మా తాతగారై, మా అందరికి మూలపురుషుడైనాడు. కాలము గడచిన కొలది ఆవలి యూరివారికి తల్లీబిడ్డల మరణము జ్ఞాపకమున్నది. మొదటి బిడ్డ మాట మరుగుపడినది. మా యూరివారికి మొదటి బిడ్డ జ్ఞాపకమున్నాడు. వాని కన్నతల్లి మరుగుపడినది. వారు మా తాతగారిని పరాయి స్త్రీ కొడుకని అనుకొనిరి. మేమును అట్లే యనుకొంటిమి! ఇరుప్రక్కల వారును ఒకే తప్పు చేసి, నూరేండ్లకు పైగా ఒకరి ముఖము ఒకరు చూడక గడపితిమి.

నేను ఆ 1896 నాటి కాగితము నకలు ఆ తల్లికి చదివి వినిపించితిని. ఆమె రెండుమారులు చదివించుకొనినది. ‘అయితే మీరు మా పిల్ల సంతానమే’ అని, లోపలికి పోయి, మజ్జిగ తెచ్చి యిచ్చినది. ఆ తరువాత మా యింట జరిగిన పెండ్లికి వారు వచ్చిరి. మా ఆడపడుచు మనుమలని చెప్పుకొని పీటలమీది బట్టలు పెట్టిరి.

ఈ పొరపాటునకు కారణమెవరని నేను పలుమార్లు ఆలోచించితిని. మోసము చేసినవారెవరును లేరు. పదునాలుగేండ్ల ప్రాయమున ఆ యింటికి వచ్చిన రెండవ భార్య, సవతి కొడుకును తన కడుపున పుట్టినవాని వలె పెంచినది. నీ తల్లి వేరు అను మాట అతని చెవిని పడనీయలేదు. అతని పిల్లలకును తెలియనీయలేదు. మెడలోని బిళ్ళను మాత్రము తుదివరకు తీయలేదు. ఒక తల్లి ప్రేమ చేతనే మరియొక తల్లి పేరు మరుగుపడినది. అందుచేత ఇప్పుడు మా వంశవృక్షములో నేను ఒకరిని కొట్టివేసి మరియొకరిని వ్రాయలేదు. ఇద్దరిని వ్రాసితిని. ఒకరి ప్రక్కన కన్నతల్లి అనియు, ఒకరి ప్రక్కన పెంచినతల్లి అనియు వ్రాసితిని. తద్దినమునాడు ఇప్పుడు ఇద్దరిని తలచుకొనుచున్నాను.

ఇక మీ యిండ్లలో ఈ పని చేయదలచినవారికి నా అనుభవము వలన తెలిసిన కొన్ని జాగ్రత్తలు చెప్పెదను.

మొదటిది. పేరు కలిసినంత మాత్రమున మనిషి కలిసినదనుకొనరాదు. కాకతీయుల శాసనములలోనే చూడుడు. హనుమకొండ కొండమీద 1117లో జైన బసదిని కట్టించిన మైలమ కలదు. ఆమె ప్రోలరాజు మంత్రియైన బేతన భార్య. బయ్యారము చెరువు శాసనమున మైలాంబ కలదు. ఆమె గణపతిదేవుని సోదరి. ఇద్దరి నడుమ నూరేండ్ల దూరమున్నది. భర్త ఎవరు, సోదరుడు ఎవరు అని శాసనము చెప్పుటచే విడదీయగలిగితిమి. పేరు మాత్రమే చూచినచో ఒక్కరే యనుకొందుము.

రెండవది. స్త్రీని పుట్టినింటితో గుర్తింపవలెను. ఎవరి భార్య యను దానికన్న ముందు ఎవరి కుమార్తె, ఏ యూరి ఆడపడుచు అని అడుగుడు. ఒకనికి ఒకే పేరుగల భార్యలు ఇద్దరుండవచ్చును. వారిద్దరికి ఒకే తండ్రి, ఒకే ఊరు, ఒకే పేరు ఉండుట అరుదు. పేరు, తండ్రి, ఊరు, కాలము అను నాలుగును కలిసినప్పుడే ఇద్దరు కారు, ఒక్కరే యని నిశ్చయింపవలెను.

మూడవది. ప్రతి తల్లి ప్రక్కను ప్రతి బిడ్డ ప్రక్కను సంవత్సరము వ్రాయుడు. తల్లి పదునొకండేండ్లకు గాని, ఏబదియైదేండ్లకు గాని బిడ్డను కన్నట్లు తేలినచో నడుమ మరియొక స్త్రీ ఉన్నదని అనుమానింపుడు. పిల్లల నడుమ పది పండ్రెండేండ్ల ఎడమున్నను అట్లే. మన సంవత్సరముల పేర్లు అరువది యేండ్లకొకమారు తిరిగి వచ్చునని మరువకుడు. నందన అనగా 1892 కావచ్చును, 1832 కావచ్చును, 1952 కావచ్చును. నాయనమ్మ పేరే మనుమరాలిది, నాయనమ్మ పుట్టిన సంవత్సరము పేరే మనుమరాలు పుట్టిన సంవత్సరముది అయినచో పొరపాటు పడుట యెంత సులభమో చెప్పనక్కరలేదు.

నాలుగవది. ముసలి తల్లుల నడుగుడు, త్వరగా అడుగుడు. అడుగునప్పుడు మీ మాటలలో కాక వారి మాటలలోనే వ్రాసికొనుడు. అవ్వ అన్నచో ఎవరికి తల్లి యని మరల అడుగుడు. నగలు, బిందెలపై చెక్కించిన పేర్లు, పాత చీరెపెట్టెలు చూపుమని కోరుడు. మాటలలో దొరకనిది వస్తువులలో దొరకవచ్చును.

ఐదవది. కాగితములను వెదకుడు. పసుపుకుంకుమ దస్తావేజులు, మనోవర్తి కాగితములు, దత్తపత్రములు స్త్రీని తండ్రి పేరుతోను, భర్త పేరుతోను గూడ చెప్పును గనుక అన్నిటికన్న విలువైనవి. ఇనాము భూములున్న కుటుంబములవారు, 1858లో చెన్నపురి రాజధానియందేర్పడిన ఇనాం కమిషను వ్రాయించిన రిజిస్టరులను రాష్ట్ర అభిలేఖాగారములో చూడవచ్చును. గ్రామ కరణముల పదవులు 1984లో రద్దయిన తరువాత వారి యిండ్లలో మిగిలిన పాత కాగితములను చెదలు తినకముందే చూచుట మంచిది. దేవాలయములలో దాతల పేర్లు చెక్కిన రాళ్ళను చదువుడు. దీపమునకు సొమ్మిచ్చిన స్త్రీల పేర్లు అందులో కనబడును.

సముద్రము దాటిపోయిన మన వారి సంతతికిని ఈ మాటలే వర్తించును. చెన్నపట్టణమునుండి కూలీలతో మొదటి ఓడ 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయినది. ఆ ఓడల పట్టికలలో స్త్రీల పేర్లు తెల్లదొరల చెవికి విన్నట్లుగా వ్రాయబడినవి. వానిని నమ్ముకొన్నచో దారి దొరకదు. కాని వానిలో తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామము ఉండెడివి. నేడు తమ ముత్తవ్వ ఊరిని వెదకుచు వచ్చువారికి దారి చూపునవి అవియే.

నేటి శాస్త్రజ్ఞులు రక్తపరీక్ష వలనను, లాలాజల పరీక్ష వలనను బంధుత్వమును కనుగొనుచున్నారు. తల్లినుండి మాత్రమే బిడ్డకు సంక్రమించు మైటోకాండ్రియా యను అంశమును పట్టి తల్లికి తల్లి, ఆమెకు తల్లి యను వరుసను పోల్చగలుగుచున్నారు. మంచిదే. కాని మా తాతగారి తల్లి అంశము ఆ దారిని నా దాక రాదు, తాతగారితోనే నిలిచిపోవును. అదియును గాక ఎంత గొప్ప పరీక్షయైనను ఆమె పేరు చెప్పదు, పెంచిన తల్లి మాట అసలే చెప్పదు. దానికి కాగితము, జ్ఞాపకము రెండును కావలెను.

ఆరవది, చివరిది. తెలియని చోట ఖాళీగా వదలుడు. చుట్టుప్రక్కల నున్న పేరును తెచ్చి అతికింపకుడు. ఖాళీ స్థలము ఉన్నచో రేపు ఒక మనుమడో మనుమరాలో వెదకి నింపును. తప్పు పేరు వ్రాసినచో ఇక వెదకువారుండరు. మా వంశవృక్షములో నేను ఐదేండ్లు సవరించి కూర్చుండినచో ఆ తల్లి ఎన్నటికిని బయటపడెడిది కాదు.

ఈ రజతోత్సవ సమయమున కార్యవర్గమువారికి నాదొక విన్నపము. ఈ గ్రంథాలయమున ఒక పెద్ద పుస్తకము కుట్టించి పెట్టుడు. గ్రామములోని ప్రతి యింటివారును వచ్చి తమ యింటికి కోడండ్రై వచ్చిన తల్లుల పేర్లను, వారి తండ్రుల పేర్లను, పుట్టిన యూళ్ళను, తెలిసినంత వరకు సంవత్సరములను అందులో వ్రాయుదురు గాక. ఈ యూరినుండి ఆడపడుచులై పోయినవారిని వేరొక భాగమున వ్రాయుదురు గాక. ఎవరు చెప్పిరో, ఏ కాగితము చూచి వ్రాసిరో దాని ప్రక్కనే వ్రాయవలెను. దీనికి ధనము అక్కరలేదు, ఓపిక కావలెను. ఇరువదియైదేండ్లు తలుపు తీసి దీపము పెట్టిన మీకు ఓపిక లేదని ఎవరనగలరు?

ఈ సభలో కూర్చున్న తల్లులకు ఒక మాట. మీరు ఈ గ్రామమున కోడండ్రు. మరియొక గ్రామమున ఆడపడుచులు. ఈ రెండు మాటలను మీ పిల్లల చేత నేటి రాత్రియే వ్రాయించి ఉంచుడు. నూరేండ్ల తరువాత మీ పేరు పలుకువాడు మరియొకరిని తలచుకొనుచు పలుకకుండుగాక.